సముద్రపు ఆహార గొలుసులు, శక్తి: పాఠం చెప్పేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు, ఇంట్లో పిల్లలను చదివించే తల్లిదండ్రులు ఏటా ఇంచుమించు ఇవే సందేహాలు అడుగుతుంటారు. వాటిని ఒకచోట చేర్చి పాఠానికి ముందు, పాఠం జరుగుతుండగా, పాఠం తర్వాత అనే వరుసలో పెట్టాను. ఏ ప్రశ్నను ఆ ప్రశ్నగా విడిగా చదువుకోవచ్చు. "ఏది దేన్ని తింటుంది?" అన్నది పిల్లలు త్వరగానే నేర్చుకుంటారు. "తిన్నదాంట్లో ఒంటికి పట్టింది ఎంత, తక్కినది ఏమైంది?" అన్న దగ్గరే పాఠం అసలు మొదలవుతుందని నా నమ్మకం. జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాను.

## పాఠానికి ముందు

నేల మీది ఆహార గొలుసు ముందే చెప్పేశాం. మళ్లీ సముద్రం ఎందుకు?

గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అనే వరుసను పిల్లలు పద్యంలా అప్పజెప్పేస్తారు. అన్నీ కంటికి కనిపించేవే కాబట్టి ఆలోచించే అవసరం పెద్దగా రాదు. సముద్రంలో మొదటి మెట్టే కంటికి ఆనదు. ఖాళీగా కనిపించే ఆ నీలిరంగు నీటిలో ఇన్ని చేపలకు తిండి ఎక్కడిదన్న ప్రశ్న పిల్లలకు తమంతట తామే తడుతుంది. పైగా భూగోళం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే జరుగుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. చెట్టు తాను సంపాదించిన శక్తిలో చాలా భాగాన్ని కలపగా ఏళ్ల తరబడి దాచుకుంటుంది. సముద్రంలో తేలే సూక్ష్మజీవులకు కాండమూ లేదు, కలపా లేదు. పుట్టిన కొద్ది రోజుల్లోనే అవి మరో జీవికి ఆహారమైపోతాయి. శక్తి ఒకరి నుంచి ఒకరికి అందడం అక్కడ అంత వేగంగా సాగుతుంది.

ఏ వయసు పిల్లలకు ఎంతవరకు చెప్పాలి?

6 నుంచి 8 ఏళ్ల వారికి రెండు విషయాలు చాలు: ప్రతి జీవికీ తిండి కావాలి, ఆ తిండి వెనక్కి వెళ్తే దాదాపు ఎప్పుడూ సూర్యుడి దగ్గర ఆగుతుంది. 9 నుంచి 11 ఏళ్ల వారికి బాణం గుర్తులు, ఉత్పత్తిదారు (ఆహారం తయారుచేసేది), వినియోగదారు (తినేది), విచ్ఛిన్నకారి (చనిపోయినవాటిని కుళ్లబెట్టేది) అనే పేర్లు, చాలా గొలుసులు ఒకదానితో ఒకటి అల్లుకున్న ఆహార జాలకం చెప్పవచ్చు. 12 ఏళ్లు దాటాక శాతాలు, పిరమిడ్లు, పోషకాల చక్రం. శాతాలు ఇంకా రాని పిల్లలకు "పదింట ఒక వంతు" అంటే సరిపోతుంది. గణితం కోసం శక్తి పాఠాన్ని వాయిదా వేయనక్కరలేదు.

సొరచేపతో మొదలుపెట్టాలా, నీటిలో తేలే చిన్న జీవులైన ప్లవకాలతోనా?

సొరచేపతో మొదలుపెట్టి వెనక్కి నడవండి. పిల్లల మనసు ముందుగా పోయేది దాని మీదికే. "ఇది ఏం తింది?" అని అడగండి. పెద్ద చేపను తింది. "ఆ చేప?" చిన్న చేపలను. "అవి?" రొయ్యలాంటి చిన్న జీవులను. "అవి?" ఇక్కడ తరగతి ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలోనే ఒక గ్లాసు నీళ్లు చూపించి, సముద్రపు నీరైతే ఇందులో కంటికి కనిపించని లక్షల జీవులు ఉంటాయని చెప్పండి. సూర్యుడి దాకా వెళ్లాక అదే దారిలో ముందుకు తిరిగి రండి. ప్లవకాల నిర్వచనంతో మొదలుపెడితే తొలి అయిదు నిమిషాల్లోనే సగం తరగతి కిటికీ వైపు చూస్తుంది.

వృక్ష ప్లవకాలంటే మొక్కలేనా?

కావు. పేరులో వృక్షం ఉన్నా వాటికి వేరు, కాండం, ఆకు ఏవీ లేవు. చాలావరకు ఒకే కణం ఉన్న జీవులు. పత్రహరితం ఉంది కాబట్టి సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకుంటాయి, ఆ పోలిక వల్లే ఆ పేరు. ప్లవించడమంటే తేలడం; ఈత కొట్టి ప్రవాహాన్ని ఎదిరించలేక, నీరు ఎటు పోతే అటు పోయేవి ప్లవకాలు. 1887లో విక్టర్ హెన్సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటికి పెట్టిన ప్లాంక్టన్ అనే పేరుకు మూలమైన గ్రీకు మాటకు కూడా తిరుగాడేది అనే అర్థం.

వీటిలో డయాటమ్‌లు గాజుకు మూలమైన సిలికాతో అందమైన పెంకులు కట్టుకుంటాయి. ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియా మరీ చిన్నది, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. వెచ్చని సముద్రాల్లో ఒక్క నీటి చుక్కలోనే ఇవి వేల సంఖ్యలో ఉండగలవు. అయినా 1980ల దాకా శాస్త్రవేత్తల కంటబడలేదు. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పండి. కనిపెట్టాల్సినవన్నీ కనిపెట్టేశారని వారు అనుకుంటూ ఉంటారు.

సముద్రపు నాచు ఉంది కదా, అది ముఖ్యం కాదా?

తీరం దగ్గర చాలా ముఖ్యం. అయితే నాచు సాధారణంగా అడుగున రాతిని పట్టుకుని పెరగాలి, అక్కడికి వెలుతురు చేరాలి. కిరణజన్య సంయోగక్రియకు సరిపడే కాంతి సుమారు 200 మీటర్లు దాటి లోపలికి పోదు. సముద్రపు సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. కాబట్టి నడి సముద్రంలో ఆహారం తయారుచేసే పని పైపొరలో తేలే సూక్ష్మజీవులదే.

## పాఠం జరుగుతుండగా

పిల్లలు బాణం గుర్తును తిరగేసి వేస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా మారడం లేదు. ఏం చేయాలి?

ఈ తప్పుకు మన వాక్య నిర్మాణమే చాలావరకు కారణమని నాకు అనిపిస్తుంది. "తిమింగలం క్రిల్‌ను తింటుంది" అన్నప్పుడు (క్రిల్ అంటే రొయ్యలాంటి చిన్న జీవి) తినేది ముందు వస్తుంది. పిల్లలు విన్న వరుసలోనే రాసి, ముందున్నదాని నుంచి వెనకున్నదాని వైపు బాణం గీసేస్తారు. కాబట్టి వాక్యాన్నే మార్చండి: "క్రిల్‌లోని శక్తి తిమింగలానికి అందుతుంది." ఇప్పుడు మాటల వరుస, బాణం దిశ ఒకటవుతాయి. బాణాన్ని "తింటుంది" అని చదవకుండా "అందుతుంది" అని బిగ్గరగా చదివించండి. నియమాన్ని పదిసార్లు చెప్పేకంటే ఈ ఒక్క మాట మార్పు బాగా పనిచేస్తుంది.

ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పది శాతమే పోతుందన్నది ఎంతవరకు నిజం?

సగటుగా నిజం, నియమంగా కాదు. 1942లో రేమండ్ లిండెమన్ అనే యువ శాస్త్రవేత్త అమెరికాలోని ఒక చిన్న సరస్సును ఏళ్ల తరబడి పరిశీలించి, జీవులను శక్తి లెక్కల మెట్లుగా చూడవచ్చని చూపాడు. ఆ వ్యాసం అచ్చులో చూసుకోకముందే, 26 ఏళ్లకే చనిపోయాడు. ఆయన లెక్కల్లోనూ ఒక్కో మెట్టుకు ఒక్కో అంకె వచ్చింది. 1995లో నీటి ఆవరణ వ్యవస్థల నమూనాలను పోల్చి చూసినప్పుడు సగటు పది శాతం దగ్గర తేలింది, విడివిడిగా చూస్తే మాత్రం సుమారు 2 నుంచి 24 శాతం దాకా ఉంది. తరగతిలో "దాదాపు పదో వంతు" అనండి. ఆ "దాదాపు"ను మాత్రం వదలవద్దు.

మిగతా తొంభై శాతం ఎక్కడికి పోతుంది?

పాఠమంతటిలో నాకు అతి ఇష్టమైన ప్రశ్న ఇది. ఒక పిల్ల దీన్ని అడిగిందంటే ఆహార గొలుసును బొమ్మగా కాక, జరుగుతున్న పనిగా చూస్తోందని అర్థం. తొందరపడి జవాబు చెప్పేయకుండా మూడు భాగాలుగా విప్పండి.

మొదటిది, అన్నీ పై జీవి నోట పడవు. కొన్ని తప్పించుకుంటాయి, కొన్ని వాటంతటవే చనిపోయి కిందికి దిగిపోతాయి. రెండోది, తిన్నదంతా అరగదు. అరగనిది మలంగా బయటికి పోతుంది. మూడోది, అరిగినదాంట్లో చాలా భాగం బతకడానికే ఖర్చవుతుంది: ఈదడానికి, గుండె కొట్టుకోవడానికి, పాడైన కణాలను బాగుచేసుకోవడానికి. ఆ పనులన్నీ అయ్యాక ఆ శక్తి వేడిగా మారి నీటిలో కలిసిపోతుంది. ఈ మూడూ పోగా ఒంట్లో కండగా, కొవ్వుగా, గుడ్లుగా నిలిచినదే పై మెట్టుకు అందుతుంది.

"మాయమైపోతుంది", "నశిస్తుంది" అనే మాటలు దయచేసి వాడవద్దు. శక్తి నశించదని పై తరగతుల్లో చదివినప్పుడు ఆ పిల్లలే తికమక పడతారు. "ఇంకెవరూ తినలేని వేడిగా చెదిరిపోతుంది" అనండి.

పిల్లలను తమ గురించే ఆలోచించమంటే బాగా పట్టుబడుతుంది. పదేళ్ల వయసులో ఏడాదికి సుమారు మూడు కిలోల బరువు పెరుగుతారు. ఆ ఏడాదిలో తిన్నది కొన్ని వందల కిలోలు. తక్కినదంతా ఏమైంది? పరుగెత్తడం, నవ్వడం, నిద్రలో ఊపిరి తీయడం, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం. తిండి బరువులో నీరు చాలా ఉంటుంది కాబట్టి ఇది కచ్చితమైన శక్తి లెక్క కాదని పెద్ద పిల్లలకు చెప్పాలి. ఆలోచనకు మాత్రం ఇంతకంటే దగ్గరి దారి నాకు దొరకలేదు.

ఖర్చు లేకుండా తరగతిలో చేయించగల ప్రయోగం ఏదైనా ఉందా?

ఒక లీటరు నీళ్లలో కాస్త రంగు కలపండి. అది వృక్ష ప్లవకాల్లోని శక్తి. అయిదుగురు పిల్లలను వరుసగా నిలబెట్టండి: ప్లవకాలు, వాటిని తినే కోపిపాడ్ అనే బియ్యపు గింజకన్నా చిన్న జంతు ప్లవకం, చిన్న చేప, పెద్ద చేప, సొరచేప. ఒక్కొక్కరు పక్కవారికి పదో వంతే ఇవ్వాలి. 1000 మిల్లీలీటర్లు 100 అవుతాయి, తర్వాత 10, తర్వాత 1. సొరచేపకు సిరంజితో రెండు చుక్కలు.

మిగిలిన నీటిని పారబోయించకండి, చాలామంది చేసే పొరపాటు అదే. మూడు గిన్నెలు పెట్టి "వేడి", "వ్యర్థం", "తినకుండా మిగిలినవి" అని రాసి, ప్రతి మెట్టులో మిగిలిన నీటిని వాటిలో పోయించండి. ఏ గిన్నెలో ఎంత పోశారన్నది ముఖ్యం కాదు. చివరికి "ఈ మూడింటిలో ఏ గిన్నెలోది ఇంకెవరికైనా పనికొస్తుంది?" అని అడగండి. రెండో గిన్నె, మూడో గిన్నె బాక్టీరియాకు, అడుగున బతికే జీవులకు భోజనం. మొదటిది ఎవరికీ కాదు. అర చేతిలో రెండు చుక్కలు పట్టుకున్న సొరచేప ముఖం చూస్తే పాఠం ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది.

ఆహార గొలుసులో నాలుగైదు మెట్లకు మించి ఎందుకు ఉండవు?

పంచుకోవడానికి మిగలదు కాబట్టి. మొదటి మెట్టులో 10,000 పాళ్ల శక్తి ఉంటే అయిదో మెట్టుకు చేరేది సుమారు 1 పాలు. దాని మీద ఇంకో జీవి ఆధారపడాలంటే అది ఎంత విశాలమైన సముద్రం గాలిస్తే కడుపు నిండుతుందో పిల్లలనే ఊహించమనండి. పెద్ద వేట జీవులు అరుదుగా ఉండటానికి కారణం అక్కడే దొరుకుతుంది.

అంత పెద్ద నీలి తిమింగలం అంత చిన్న క్రిల్‌ను తిని ఎలా బతుకుతుంది?

చిన్నవాటిని తింటుంది కాబట్టే అంత పెద్దదిగా బతకగలుగుతోంది. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుంది, 150 టన్నులు దాటి తూగగలదు. అంటార్కిటికా సముద్రపు క్రిల్ 6 సెంటీమీటర్ల రొయ్యలాంటి జీవి. డయాటమ్, క్రిల్, తిమింగలం: మూడే మెట్లు. 10,000 పాళ్లతో మొదలైతే మూడో మెట్టులో ఉన్నదానికి 100 అందుతాయి. అదే నాలుగో మెట్టులో చేపలను తినేదానికి 10 మాత్రమే. మధ్యలో ఒక్క మెట్టు తగ్గితే వాటా పదింతలు. "పెద్ద జంతువు పెద్దవాటినే తింటుంది" అనే అపోహ ఈ లెక్కతో తొలగిపోతుంది. తిమింగలం చేప కాదని, పాలిచ్చే జంతువని కూడా ఇక్కడే చెప్పేయండి.

సముద్రంలో పిరమిడ్ తలకిందులవుతుందని పుస్తకంలో ఉంది. అంటే శక్తి పైకి పోయేకొద్దీ పెరుగుతుందా?

పెరగదు. తలకిందులయ్యేది జీవద్రవ్యరాశి పిరమిడ్, అంటే ఒక్కో మెట్టులోని జీవుల మొత్తం బరువును చూపే బొమ్మ. ఇంగ్లీష్ ఛానల్‌లో ఇలాంటిదాన్ని గమనించారు: ఒక సమయంలో తూకం వేస్తే జంతు ప్లవకాలు వృక్ష ప్లవకాలకంటే ఎక్కువ బరువు తూగాయి. శక్తి పిరమిడ్ మాత్రం ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది.

ధారగా కారుతున్న కుళాయి కింద ఒక చెంబు పెట్టండి. పిల్లలు చెంబుతో ముంచి ముంచి పక్కనున్న బకెట్టు నింపాలి. ఏ క్షణంలో చూసినా చెంబులో నీళ్లు తక్కువ, బకెట్టులో ఎక్కువ. కానీ బకెట్టులోని ప్రతి చుక్కా చెంబులోంచి వచ్చిందే. వృక్ష ప్లవకాలు ఆ చెంబు. రోజుల్లోనే రెట్టింపవుతాయి, రోజుల్లోనే తినేయబడతాయి. వాటిని తినేవి వారాలు, నెలలు బతుకుతాయి. భూమి మీద కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవుల మొత్తం బరువులో వృక్ష ప్లవకాలది ఒక శాతం దగ్గరే, ఉత్పత్తిలో వాటి వాటా సగం దాకా ఉంది.

గొలుసు చెప్పాలా, జాలకం చెప్పాలా?

ముందు గొలుసు, వెంటనే జాలకం. గొలుసు దగ్గరే ఆపేస్తే ఒక జీవి పోతే దాని పక్కదానికే నష్టమని పిల్లలు స్థిరపడిపోతారు. దీనికి మంచి ఉదాహరణ అలాస్కాలోని అల్యూషన్ దీవులది. బొచ్చు కోసం వేటాడటంతో సీ ఆటర్ అనే జంతువు చాలా దీవుల దగ్గర లేకుండా పోయింది. అది తినే ముళ్లబంతిలాంటి ఉర్చిన్లు విపరీతంగా పెరిగి, కెల్ప్ అనే పెద్ద నాచు అడవులను కొరికేశాయి. ఆ అడవిలో తలదాచుకునే చేపలకూ చోటు లేకుండా పోయింది. ఆటర్లు ఉన్న దీవులను, లేని దీవులను పోల్చి 1974లో జేమ్స్ ఎస్టిస్, జాన్ పాల్మిసానో అనే శాస్త్రవేత్తలు ఈ తేడాను ప్రచురించారు. ఆటర్ ఎన్నడూ నాచును తినలేదు, అయినా నాచు బతుకు దాని మీద ఆధారపడింది. ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి, కారణం పిల్లల చేతే చెప్పించండి.

వెలుతురు చేరని లోతుల్లో జీవులు ఏం తింటాయి?

ఎక్కువ భాగం పైనుంచి రాలిపడేదే: చనిపోయిన ప్లవకాలు, మలం, జిగురు తునకలు కలిసి మంచులా నెమ్మదిగా దిగుతుంటాయి. దీన్ని సముద్రపు మంచు అంటారు. అప్పుడప్పుడు ఒక తిమింగలం కళేబరం అడుగుకు చేరితే ఎన్నో జీవులకు అది ఏళ్ల తరబడి తిండి. ఇవి కాక, అసంఖ్యాకమైన చిన్న జీవులు రోజూ రాత్రి పైకి వచ్చి మేసి తెల్లవారేలోగా లోపలికి వెళ్లిపోతాయి.

సూర్యుడితో మొదలుకాని గొలుసులూ ఉన్నాయి. 1977లో గాలపగోస్ దీవుల దగ్గర దాదాపు 2,500 మీటర్ల లోతున, వేడినీరు ఎగజిమ్మే పగుళ్ల చుట్టూ జీవుల గుంపులు కనిపించాయి. అక్కడ బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి రసాయనాల నుంచి శక్తి తీసుకుని ఆహారం తయారుచేస్తుంది. అక్కడి పెద్ద గొట్టపు పురుగులకు నోరు లేదు, పేగు లేదు. ఒంటి లోపలే ఆ బాక్టీరియాను పోషించుకుంటూ బతుకుతాయి.

## పాఠం తర్వాత వచ్చే సందేహాలు

శక్తి కూడా నీటిలా చక్రంలో తిరుగుతుందా?

తిరగదు. పదార్థం తిరుగుతుంది, శక్తి వస్తుంది, ఖర్చవుతుంది, వేడిగా వెళ్లిపోతుంది. అందుకే సూర్యుడు రోజూ ఉదయించాలి. చనిపోయిన జీవుల్లోని నత్రజని, భాస్వరం బాక్టీరియా వల్ల విడిపోయి మళ్లీ ప్లవకాలకు ఎరువవుతాయి. ఆ పోషకాలు చాలావరకు లోతుకు దిగిపోతాయి. అడుగునీరు పైకి ఉబికి వచ్చే చోట్ల ప్లవకాలు దట్టంగా పెరిగి, చేపలు సమృద్ధిగా ఉంటాయి. పెరూ తీరం అలాంటిదే. బొమ్మ గీసేటప్పుడు శక్తికి ఒక రంగు, పోషకాలకు ఇంకో రంగు బాణాలు వాడితే గందరగోళం తగ్గుతుంది.

విచ్ఛిన్నకారులను గొలుసు చివర గీయవచ్చా?

వద్దు. సొరచేప చనిపోయేదాకా బాక్టీరియా కాచుకుని కూర్చోదు. ప్రతి మెట్టు నుంచి వాటికి బాణం వెళ్లాలి. అవి కూడా మరో జీవికి ఆహారమే: నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా తీసుకుంటే, బాక్టీరియాను ఏకకణ జీవులు తింటాయి, వాటిని జంతు ప్లవకాలు తింటాయి. 1983లో ఫారూక్ ఆజమ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ దారికి సూక్ష్మజీవుల వలయం అని పేరు పెట్టారు.

పైకి పోయేకొద్దీ శక్తి తగ్గుతుంటే పాదరసం ఎందుకు పెరుగుతుంది?

శరీరం ఆహారాన్ని ఖర్చు చేయగలదు, పాదరసపు విష రూపమైన మిథైల్ పాదరసాన్ని అంత త్వరగా వదిలించుకోలేదు. చిన్న చేప వందల జీవులను తింటుంది; తిండి ఖర్చవుతుంది, పాదరసం ఒంట్లో ఉండిపోతుంది. పెద్ద చేప అలాంటి చేపలను వందల సంఖ్యలో తింటుంది. దీన్నే జైవిక వృద్ధీకరణం అంటారు. ఉప్పునీళ్లు మరిగిస్తే నీరు ఆవిరైపోయి ఉప్పు చిక్కబడినట్టు అనుకోమనండి. జపాన్‌లోని మినమాటా తీరంలో ఒక కర్మాగారం వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరి నరాలను దెబ్బతీసింది. ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించినది 1956లో. చిన్న పిల్లలకు ఆ వివరాలన్నీ అక్కరలేదు. పెద్ద తరగతులకు మాత్రం దాచకుండా చెప్పాలి.

మనం పీల్చే ప్రాణవాయువులో సగం సముద్రమే ఇస్తుందని పిల్లలకు చెప్పవచ్చా?

అలా చెప్పకపోవడమే మంచిది. ఏటా తయారయ్యే ప్రాణవాయువులో దాదాపు సగం సముద్రంలో తయారవుతుందన్నది సరైనదే. కానీ అందులో ఇంచుమించు మొత్తాన్నీ సముద్రజీవులే శ్వాసకు వాడేసుకుంటాయి. గాలిలో ఉన్న నిల్వ కోట్ల ఏళ్లుగా పోగుపడింది. ప్లవకాల గొప్పతనం చెప్పడానికి అవి పెట్టే భోజనం చాలు.

సొరచేప చెడ్డదని, అది తినే చేపల మీద పిల్లలు జాలిపడుతున్నారు. ఏమనాలి?

ఆ జాలిని కొట్టిపారేయవద్దు. సొరచేపకు ఎంత తక్కువ శక్తి అందుతుందో, ఎంత వెతికితే ఒక పూట గడుస్తుందో చెప్పండి. మంచి, చెడు అనే మాటలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

నిజంగా అర్థమైందని ఎలా తెలుసుకోవాలి?

నిర్వచనాలు అడిగితే బట్టీ పట్టినవారే గెలుస్తారు. ఇలాంటివి అడగండి: సముద్రం మీద నెల రోజులు చీకటి కమ్మితే ముందుగా ఆకలితో ఉండేది ఎవరు, చివరగా ఎవరు, ఎందుకు? ఒకే సముద్రంలో క్రిల్‌ను తినే జీవులు ఎక్కువ మంది బతకగలవా, చేపలను తినే జీవులా? నీళ్ల ప్రయోగంలో "వేడి" అని రాసిన గిన్నెలోని నీళ్లను మళ్లీ మొదటి మెట్టుకు పోయవచ్చా?

జవాబు తప్పైనా, "దానికి తిండి ఎక్కడినుంచి వస్తుంది, ఎంత మిగులుతుంది?" అనే దారిలో ఆలోచించిన పిల్లకు సగానికి పైగా మార్కులు వేయండి. "సూర్యుడు" అని ఒక్క మాట రాసి ఊరుకున్న సరైన జవాబుకు అన్ని వేయనక్కరలేదు.